ఫిజిక్స్ పరీక్ష తప్పాను, కానీ కృష్ణ బిలాల ధ్యాస వదలడం లేదు

మూల నక్షత్రం (రాజోలు దగ్గర)

అందరికీ నమస్కారం. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఫిజిక్స్ ఒక్కటే తప్పాను. మిగతావన్నీ గట్టెక్కాను, లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. మే నెలలో సప్లిమెంటరీ రాయాలి. నాన్నగారు కొబ్బరి దింపులకు వెళ్తారు. మార్కులు చూసి ఒక్క మాట కూడా అనలేదు, నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. అమ్మ ఫోను బీరువాలో పెట్టి తాళం వేసింది. రాత్రి భోజనాలయ్యాక కాసేపు ఇస్తుంది, ఆ కాసేపట్లోనే ఇది రాస్తున్నాను.

నాకు కృష్ణ బిలాలంటే (బ్లాక్ హోల్స్, కాంతి కూడా తప్పించుకోలేనివి) ప్రాణం. 2019 ఏప్రిల్‌లో ఎం87 గెలాక్సీ మధ్యలోని కృష్ణ బిలం మొదటి చిత్రం పేపర్లో వచ్చినప్పుడు నేను చిన్న తరగతిలో ఉన్నాను. ఆ నారింజ రంగు వలయాన్ని కత్తిరించి నోటు పుస్తకం అట్టకు అంటించుకున్నాను. అది 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందనీ, దాని ద్రవ్యరాశి సూర్యుడికి 650 కోట్ల రెట్లనీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ పరీక్ష హాల్లో ‘పలాయన వేగానికి సమాసాన్ని రాబట్టండి’ అన్న ప్రశ్న చూసి చెయ్యి ఆడలేదు. బట్టీ పట్టిన మొదటి వాక్యం గుర్తుకు రాకపోయేసరికి మిగతాదంతా పోయింది.

నేను ఇష్టపడేదీ, నేను తప్పినదీ ఒకే శాస్త్రమేనా? ఈ చదువు నాకు తగదని ఒప్పుకోవాలా?

గట్టు మీద రాజు (ఆకివీడు)

బాబూ, నీ ఆసక్తిని తక్కువ చేయను. కానీ పెద్దవాడిగా ఒక మాట చెబుతాను. ముందు పరీక్ష పాసవ్వు. కృష్ణ బిలం ఎక్కడికీ పోదు, నీ విద్యా సంవత్సరం మాత్రం పోతుంది. మా పెద్దవాడు రాకెట్లు, ఉపగ్రహాలు అంటూ వీడియోల ముందు కూర్చుని ఒక ఏడాది పోగొట్టుకున్నాడు. హాస్టల్ ఫీజు రెండోసారి కట్టాల్సి వచ్చినప్పుడు ఇంట్లో ఎంత నలిగిపోయామో నాకు తెలుసు. సప్లిమెంటరీ అయ్యేదాకా ఆ పేపరు ముక్క కూడా అట్ట మీద నుంచి తీసెయ్.

తణుకు సుజాత

రాజు గారూ, పేపరు ముక్క ఏం పాపం చేసిందండీ? నాకు జూనియర్ కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు ఉంది. ఫిబ్రవరి వచ్చిందంటే పిల్లలు ‘ముఖ్యమైన ప్రశ్నలు’ అంటూ కట్టలు కట్టలు తీయించుకుంటారు. పేజీకి నాలుగు పేజీలు పట్టేలా కుదించమంటారు. అక్షరాలు ఆవగింజల్లా కనబడతాయి. ఒక అమ్మాయిని అడిగాను, ఇందులో నీకు అర్థమైనవి ఎన్ని అని. ‘అర్థం చేసుకునే టైము లేదు ఆంటీ’ అంది. పిల్లలు తప్పుతున్నది ఆకాశం వైపు చూసినందుకు కాదు, ఈ కట్టల వల్లే అని నా నమ్మకం. బాబూ, నువ్వు కూడా ఆ కట్టలే చదివావా?

మూల నక్షత్రం

అవునండీ. అవే చదివాను.

పాఠాల మాస్టారు (అమలాపురం)

బాబూ, నేను ఫిజిక్స్ లెక్చరర్‌ని. నీ ప్రశ్నకు జవాబు: ఒకటే శాస్త్రం. నువ్వు ఖాళీగా వదిలేసిన ప్రశ్నే కృష్ణ బిలం గుమ్మం. అలంకారం కోసం అనడం లేదు, ఇప్పుడే చూపిస్తాను. కాగితం, పెన్ను తెచ్చుకో.

ఒక వస్తువును భూమి నుంచి పైకి విసిరావు. దాని గతిజ శక్తి: సగం × దాని ద్రవ్యరాశి × వేగం వర్గం. భూమి దాన్ని బంధించి ఉంచిన శక్తి: జి (విశ్వ గురుత్వ స్థిరాంకం) × భూమి ద్రవ్యరాశి × వస్తువు ద్రవ్యరాశి ÷ వ్యాసార్ధం. ఈ రెండూ సమానమైతే వస్తువు తిరిగి రాదు. రెండు పక్కలా వస్తువు ద్రవ్యరాశి ఉంది, కొట్టేయి. వేగం వర్గం = 2 × జి × భూమి ద్రవ్యరాశి ÷ వ్యాసార్ధం. వర్గమూలం తీస్తే పలాయన వేగం. భూమికి సెకనుకు 11.2 కిలోమీటర్లు వస్తుంది. పరీక్షలో రాయాల్సింది ఇంతే. ఇందులో బట్టీ పట్టాల్సిన వాక్యం ఏదీ లేదు.

ఇప్పుడు అదే సమీకరణాన్ని తిరగేయి. వేగం స్థానంలో కాంతి వేగం పెట్టి, వ్యాసార్ధం ఎంత ఉండాలో అడుగు. వ్యాసార్ధం = 2 × జి × ద్రవ్యరాశి ÷ కాంతి వేగం వర్గం. దీన్నే ష్వార్జ్‌చైల్డ్ వ్యాసార్ధం అంటారు. భూమికి అది ఎంతో నువ్వే కట్టి ఇక్కడ పెట్టు. జి విలువ 6.67 × 10⁻¹¹, భూమి ద్రవ్యరాశి 6 × 10²⁴ కిలోలు, కాంతి వేగం సెకనుకు 3 × 10⁸ మీటర్లు.

మూల నక్షత్రం

కట్టాను మాస్టారూ. పైన 2 × 6.67 × 10⁻¹¹ × 6 × 10²⁴ అంటే 8 × 10¹⁴. దాన్ని 3 × 10⁸తో భాగిస్తే 2.67 × 10⁶ మీటర్లు. అంటే 2,670 కిలోమీటర్లు. భూమి వ్యాసార్ధం 6,400 కిలోమీటర్లు కదా, సగానికంటే కాస్త ఎక్కువ కుదిస్తే చాలా?

పాఠాల మాస్టారు (అమలాపురం)

జవాబు తప్పు. కానీ ఎక్కడ తప్పిందో నేను చెప్పను. మొదటి అధ్యాయంలో మితుల విశ్లేషణ అని ఒకటి ఉంది, రెండు మార్కుల ప్రశ్న వస్తుందని చదివి వదిలేసి ఉంటావు. నువ్వు కట్టిన లెక్కలో పై వరుస ప్రమాణాలు ఏమిటి? కింది వరుస ప్రమాణాలు ఏమిటి? భాగిస్తే మీటర్లు వచ్చాయా?

మూల నక్షత్రం

జి × ద్రవ్యరాశికి మీటర్ ఘనం ÷ సెకను వర్గం. కింద మీటర్ ÷ సెకను. భాగిస్తే మీటర్ వర్గం ÷ సెకను వస్తోంది. అది దూరమే కాదు!

కాంతి వేగాన్ని వర్గం చేయలేదు. 8 × 10¹⁴ ÷ 9 × 10¹⁶ = 0.0089 మీటర్లు. దాదాపు 9 మిల్లీమీటర్లు. మాస్టారూ, భూమి మొత్తం 9 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలోకా? సూర్యుడికి కూడా కట్టాను, 2 × 10³⁰ కిలోలు పెడితే 2,964 మీటర్లు, సుమారు 3 కిలోమీటర్లు వచ్చింది. పుస్తకాల్లో చదివిన 3 కిలోమీటర్లు నా కాగితం మీద నా చేతి నుంచి వచ్చింది!

పాఠాల మాస్టారు (అమలాపురం)

రెండూ సరే. ప్రమాణాలు ప్రతి వరుసలోనూ రాయడం ఇక మానకు. పేపర్లు దిద్దేవాళ్ళం చూసేది మొదట అదే. చివరి సంఖ్య తప్పినా మెట్లు, ప్రమాణాలు సరిగ్గా ఉంటే మెట్ల మార్కులు పడతాయి. తెల్లకాగితానికి మాత్రం ఎవరూ ఏమీ వేయలేరు.

విద్యుల్లత (యానాం, చదువు కాకినాడలో)

మాస్టారు గారూ, చిన్న చేర్పు, తమ్ముడు తర్వాత తికమకపడకుండా. నేను బీఎస్సీ చివరి సంవత్సరం.

తమ్ముడూ, ఈ పద్ధతిలో 1784లోనే జాన్ మిషెల్ అనే ఇంగ్లండు మతాచార్యుడి లెక్క అచ్చయింది. కాంతి కూడా తప్పించుకోలేనంత పెద్ద నక్షత్రాలు ఉండవచ్చని ఆయన రాశారు. 1796లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ కూడా అదే ఊహ చేశారు. కానీ మిషెల్ నక్షత్రం నుంచి కాంతి కొంత దూరం పైకి వెళ్ళి మళ్ళీ వెనక్కి పడుతుంది. నిజమైన కృష్ణ బిలంలో అలా కాదు, ఆ వ్యాసార్ధమే హద్దు, కాంతి ఆ హద్దు దాటి ఒక్క అడుగు కూడా బయటికి రాదు. పైగా కాంతికి ‘సగం × ద్రవ్యరాశి × వేగం వర్గం’ అన్న సూత్రం వర్తించదు. అయినా జవాబు ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఇచ్చినదానితో కలుస్తుంది. కార్ల్ ష్వార్జ్‌చైల్డ్ మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా సరిహద్దు దగ్గర సైన్యంలో ఉంటూ ఐన్‌స్టీన్ సమీకరణాలకు ఈ పరిష్కారం కనుక్కున్నారు. 1916 మేలో జబ్బుతో చనిపోయారు.

మరి నిజంగా హద్దు దగ్గర ఏం జరుగుతుందంటావా? నాకు మా ఊళ్ళో వరదల కాలం గుర్తొస్తుంది. పులస సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుతూ వస్తుంది కదా. దాని ఈతకు ఒక గరిష్ఠ వేగం ఉంది. నది మెల్లగా పారే చోట అది ముందుకు వెళ్తుంది. నీళ్ళ వేగం సరిగ్గా దాని ఈత వేగానికి సమానమైన చోట ఎంత ఈదినా ఉన్నచోటే ఉంటుంది. అంతకంటే వడిగా పారే చోట ఎదురీదుతూనే వెనక్కి కొట్టుకుపోతుంది. ఇక్కడ నీళ్ళ స్థానంలో కృష్ణ బిలంలోకి పారే స్థలాన్నీ (స్పేస్), చేప స్థానంలో కాంతినీ పెట్టుకో. ఆ మధ్య గీతే ఈవెంట్ హొరైజన్. ఆ గీత దగ్గర గోడ ఏమీ లేదు, చేపకు అక్కడ తగిలేదీ ఏమీ లేదు. విలియం అన్రూ అనే శాస్త్రవేత్త 1981లో పారే ద్రవంలో ధ్వనికి ఇలాంటి హద్దు ఏర్పడుతుందని సమీకరణాలతోనే చూపించారు.

గట్టు మీద రాజు (ఆకివీడు)

పులస మాట బాగుందమ్మా, నాకూ అర్థమైంది. కానీ పరీక్షలో పులస అడగరు. పిల్లవాడు పలాయన వేగం ఒక్కటే నేర్చుకున్నాడు. భ్రమణ చలనం, ఉష్ణగతిక శాస్త్రం, డోలనాలు, ప్రవాహులు ఎవరు నేర్పుతారు?

చిన్ని (తొమ్మిదో తరగతి, పాలకొల్లు)

నాకు ఒక సందేహం. సూర్యుడు ఒక్కసారిగా కృష్ణ బిలం అయిపోతే భూమిని మింగేస్తుందా?

మూల నక్షత్రం

చిన్నీ, దీనికి నేను చెబుతాను. మింగదు. భూమి మీద లాగే బలం సూర్యుడి ద్రవ్యరాశి మీద, మన దూరం మీద ఆధారపడుతుంది. రెండూ మారలేదు కదా. కాబట్టి భూమి ఇప్పటి కక్ష్యలోనే, అదే ఏడాది కాలంలో తిరుగుతుంది. వెలుతురు, వేడి మాత్రం ఉండవు. నిజానికి సూర్యుడు ఎప్పటికీ కృష్ణ బిలం కాడు, దానికి ద్రవ్యరాశి చాలదు, చివరికి తెల్ల మరుగుజ్జు నక్షత్రం (ఇంధనం అయిపోయి చిన్నగా కుదించుకుపోయిన నక్షత్రం) అవుతాడు.

అంతర్వేది పోటు

రాజు గారు అడిగిన వాటిలో ఒకటి నేను అందుకుంటాను. నేను టీచర్‌ని కాదు, పదో తరగతి తర్వాత ఫిజిక్స్ పుస్తకం ముట్టుకోలేదు. రొయ్యల చెరువులు చేస్తాను. చెరువుకు నీళ్ళు పెట్టేది పోటు మీదే కాబట్టి తిథులు మాకు కంఠతా వచ్చు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు గట్టిగా ఉంటుంది, అష్టమి రోజుల్లో మందంగా ఉంటుంది. ఎందుకని ఒకసారి మా అబ్బాయి పుస్తకం తీసి చూశాను. అందులో ఒకటి నన్ను ఆశ్చర్యపరిచింది. భూమిని సూర్యుడు లాగే బలం చంద్రుడు లాగేదానికి దాదాపు 180 రెట్లు. అయినా పోటు తెప్పించడంలో సూర్యుడి వాటా చంద్రుడి వాటాలో సగం కూడా లేదు.

ఎందుకంటే పోటుకు కారణం లాగే బలం కాదు, భూమి ఇవతలి వైపునూ అవతలి వైపునూ లాగే బలాల మధ్య తేడా. బలం దూరం వర్గంతో తగ్గితే, ఈ తేడా దూరం ఘనంతో తగ్గుతుంది. సూర్యుడు మరీ దూరం, అందుకే తేడా చిన్నది. అష్టమినాడు సూర్యచంద్రులు లంబకోణంలో లాగుతారు, ఒకరి పోటును ఇంకొకరు తగ్గిస్తారు.

కృష్ణ బిలంలో పడినవాడు దారంలా సాగిపోతాడని చెబుతారే, అది ఈ పోటే కదా? కాళ్ళను లాగే బలానికీ తలను లాగే బలానికీ తేడా. మా మొగలో నీళ్ళు పెరగడం, అక్కడ మనిషి సాగడం ఒకే లెక్కా అని తెలుసుకోవాలని ఉంది. ఎవరైనా కట్టి చూపించండి.

పాఠాల మాస్టారు (అమలాపురం)

అయ్యా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఇంతకంటే బాగా నేను క్లాసులో కూడా చెప్పలేదు. ఒకే లెక్క. తేడా త్వరణం = 2 × జి × ద్రవ్యరాశి × మనిషి పొడవు ÷ దూరం ఘనం. బాబూ, మనిషి పొడవు సులువుగా 2 మీటర్లు అనుకో. సూర్యుడి ద్రవ్యరాశికి 10 రెట్లున్న కృష్ణ బిలానికీ, మన పాలపుంత మధ్యలో ఉన్న 43 లక్షల రెట్ల దానికీ హద్దు దగ్గర ఎంత వస్తుందో కట్టు. ప్రమాణాలు ప్రతి వరుసలో రాయాలి.

పాత పత్రికలు (భీమవరం)

పిల్లవాడు లెక్క కడుతున్నాడు కాబట్టి ఈలోగా రెండు ముక్కలు. ఈ చదువు మనకు తగదా అన్న మాట నాకు నచ్చలేదు. కృష్ణ బిలాల కథలో మన దేశం వాళ్ళు లేని అధ్యాయం తక్కువ.

1930లో ఖగోళ భౌతిక శాస్త్రవేత్త చంద్రశేఖర్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ చదువు ముగించి, 19 ఏళ్ళ వయసులో బొంబాయి నుంచి ఓడలో ఇంగ్లండు బయలుదేరారు. ఆ ప్రయాణంలోనే తెల్ల మరుగుజ్జు నక్షత్రానికి ఒక గరిష్ఠ ద్రవ్యరాశి ఉందని లెక్క కట్టారు. అది సూర్యుడికి సుమారు 1.4 రెట్లు. అది దాటితే నక్షత్రం ఇంకా కుదించుకుపోవాల్సిందే. 1935లో లండన్ సభలో అప్పటి పేరుమోసిన ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ అంతటివాడు అందరి ముందూ దాన్ని కొట్టిపారేశాడు. లెక్క మాత్రం నిలబడింది. 1983లో నోబెల్ వచ్చింది. 1955లో కలకత్తా నుంచి అమల్ కుమార్ రాయ్‌చౌధురి ప్రచురించిన సమీకరణం, పదేళ్ళ తర్వాత ఇంగ్లండు గణితవేత్త పెన్రోజ్ కృష్ణ బిలాలు ఏర్పడక తప్పదన్న తన సిద్ధాంతం కట్టుకోవడానికి పునాది అయింది. పెన్రోజ్‌కు 2020లో నోబెల్ ఇచ్చారు. బెంగళూరుకు చెందిన సి.వి. విశ్వేశ్వర 1970లో, కదిలించిన కృష్ణ బిలం ఒక నిర్దిష్ట స్వరంతో మోగి చల్లారుతుందని లెక్కలో చూపారు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరం పట్టుకున్న గురుత్వ తరంగం చివర్లో ఆ మోతే ఉంది.

ఇక మన గడ్డ మీద, భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద సంగతి ఎంతమందికి తెలుసు? హిమాలయాల్లో యోగ సాధన చేసి, ముప్పై దాటాక ఐరోపాలో భౌతిక శాస్త్రం మొదలుపెట్టారు. ప్రాగ్‌లో డాక్టరేట్ తీసుకుని, తర్వాత వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్‌ను నిలబెట్టారు. పదహారేళ్ళ కుర్రాడికి ఒక పేపరు పోతే వయసు మించిపోయిందా?

మూల నక్షత్రం

మాస్టారూ, కట్టాను. నిన్న రాత్రి కరెంటు పోతే చార్జింగ్ లైటు పెట్టుకుని పూర్తి చేశాను.

10 రెట్లది: హద్దు 30 కిలోమీటర్లు, అంటే 3 × 10⁴ మీటర్లు. జి × ద్రవ్యరాశి 1.33 × 10²¹ మీటర్ ఘనం ÷ సెకను వర్గం. తేడా త్వరణం 2 × 1.33 × 10²¹ × 2 ÷ 2.7 × 10¹³ = 2 × 10⁸ మీటర్ ÷ సెకను వర్గం. భూమి గురుత్వ త్వరణానికి 2 కోట్ల రెట్లు! హద్దు చేరకముందే మనిషి ఉండడు.

43 లక్షల రెట్లది: మళ్ళీ మొత్తం కట్టనక్కరలేదని గమనించాను. హద్దు ద్రవ్యరాశితో పాటే పెరుగుతుంది. పైన ద్రవ్యరాశి, కింద దాని ఘనం, కాబట్టి తేడా ద్రవ్యరాశి వర్గంతో తగ్గుతుంది. 4.3 లక్షల రెట్లు పెరిగింది, దాని వర్గంతో భాగిస్తే 0.001 మీటర్ ÷ సెకను వర్గం. మన గురుత్వ త్వరణంలో పదివేలవ వంతు. పెద్ద కృష్ణ బిలం హద్దు దాటేటప్పుడు మనిషికి ఏమీ తెలియదు!

అలాగే సాంద్రత కూడా చూశాను. ఎం87 దానికి హద్దు లోపల మామూలు గోళం ఘనపరిమాణం వేసుకుంటే ఘన మీటరుకు 0.44 కిలోలు వచ్చింది. గాలి సాంద్రత 1.2. గాలికంటే తేలిక. నేను మూడుసార్లు సరిచూశాను.

అంతర్వేది పోటు

సంతోషం బాబూ. మా మొగ లెక్క అంత దూరం వెళ్ళిందన్నమాట.

విద్యుల్లత (యానాం, చదువు కాకినాడలో)

సాంద్రత సరిగ్గా ఉంది తమ్ముడూ. నీ పేరు మూల నక్షత్రం కాబట్టి ఒకటి చెబుతాను. పాలపుంత కేంద్రం ఆ చుట్టుపక్కలే ఉంది. మే నెలలో రాత్రి రెండు గంటల వేళ దక్షిణం వైపు చూస్తే, వృశ్చికం కొండికీ దాని ఎడమ పక్కన ఉన్న ధనూరాశికీ నడుమ, కొండి కంటే కాస్త పైన. మన అక్షాంశంలో నేలకూ నడినెత్తికీ సరిగ్గా మధ్య ఎత్తుకు వస్తుంది. యూరప్ వాళ్ళకు అది నేలకు ఆనుకుని కనిపిస్తుంది. 2022 మే 12న చిత్రం విడుదలైన కృష్ణ బిలం అక్కడే, సుమారు 27 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మబ్బు పట్టకముందే చూడు, జూన్ దాటితే మన ఆకాశం దొరకదు.

గట్టు మీద రాజు (ఆకివీడు)

రాత్రి రెండింటికి లేపకమ్మా, పరీక్షలు దగ్గరకొచ్చాయి. పిల్లవాడు కష్టపడుతున్నాడు, ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. భ్రమణ చలనం?

పాఠాల మాస్టారు (అమలాపురం)

రాజు గారు అడగడం న్యాయమే. గురుత్వాకర్షణ ఒక్కదానితో పాసవడు. బాబూ, భ్రమణ చలనంలో కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం చదివి ఈ లెక్క చెయ్యి. సూర్యుడు సుమారు 25 రోజులకు ఒకసారి తన చుట్టూ తిరుగుతాడు. వ్యాసార్ధం 7 లక్షల కిలోమీటర్లు. ద్రవ్యరాశి పోకుండా, లోపలి అమరిక మారకుండా 10 కిలోమీటర్లకు కుదించామనుకో. ఒక చుట్టుకు ఎంత కాలం? నియమం నిర్వచనం ముందు రాయి, అది రెండు మార్కుల ప్రశ్న. తర్వాత లెక్క, అది నాలుగు మార్కులు. బాహ్య టార్క్ (బయటి నుంచి తిప్పే ప్రభావం) లేదన్న మాట మర్చిపోవద్దు, అక్కడే అందరూ మార్కు పోగొట్టుకుంటారు.

మూల నక్షత్రం

వ్యవస్థ మీద బాహ్య టార్క్ లేనప్పుడు దాని మొత్తం కోణీయ ద్రవ్యవేగం స్థిరంగా ఉంటుంది.

జడత్వ భ్రామకం వ్యాసార్ధం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కాబట్టి ఆవర్తన కాలం కూడా అలాగే తగ్గుతుంది. 25 రోజులు = 2.16 × 10⁶ సెకన్లు. వ్యాసార్ధాల నిష్పత్తి 10 ÷ 7 × 10⁵, దాని వర్గం 2.04 × 10⁻¹⁰. కాలం 4.4 × 10⁻⁴ సెకన్లు. సెకనుకు దాదాపు 2,270 చుట్లు. ఉపరితల వేగం కూడా చూశాను, కాంతి వేగంలో సగం దాకా వచ్చింది, దాటలేదు.

రాజు గారూ, రేపటి నుంచి ఉష్ణగతిక శాస్త్రం. మాస్టారూ, కార్నో యంత్రం మీద కూడా ఇలాంటి లెక్క ఒకటి పెడతారా? అమ్మ ఫోను అడుగుతోంది, ఉంటాను.